గోగునార నుండి గోనెసంచి వరకు



కడచిన కోతలనాడు మా కురుపాములో ఒక కళ్ళమునొద్ద నిలుచుంటిని. ధాన్యము నింపుటకై వచ్చిన క్రొత్త గోనెసంచుల కట్టను కూలీలు విప్పుచుండిరి. సంచులమీద ముద్రాక్షరములు కలవు. కంటియద్దములు సవరించుకొని వానిని చదువబోగా, ప్రక్కనున్న ముదుసలి రైతు నవ్వి, “ఏటి మేష్టారూ, గోనిమీద రామాయణమేటైనా రాసినారేటి?” అని యడిగెను. రామాయణము లేదు. వంగదేశపు మిల్లు గుర్తును, సంవత్సరమును మాత్రమే యున్నవి.

ఆ రైతు తన పడుచునాట గోగు పండించినవాడు. అతని తండ్రి పేనిన పలుపులతో మా యింటి యెడ్లను కట్టితిమి. అట్టి నార పండిన నేలకు నేడు సంచి హౌరా దాటి రైలుమీద వచ్చుచున్నది. ఇది ఎట్లు జరిగినది? పరిశ్రమ యొకచోట ఏల మొలచును, ఏల వాడును? ప్రభుత్వము పోయు నీరు దాని వేళ్ళకు చేరునా, ఆకులమీదనే పడి జారిపోవునా? ఈ ప్రశ్నలకు గోనెసంచి మంచి సాక్షి. కావున నేటి ప్రసంగమునకు దానినే తీసికొంటిని.

మాటలతో మొదలిడుట పండితులకు గల జాడ్యము, క్షమింపుడు. సంస్కృతమున ‘గోణి’ యనగా సంచి. అదియే మనకు గోనె యైనది, ఆంగ్లేయుల నోట ‘గన్నీ’ యైనది. వారి ‘జూట్’ అను మాటయు మనదే. శివుని జటాజూటమందలి జూటమే వంగభాష మీదుగా ఓడలెక్కి సీమకు పోయినది. అయితే మనవారు జనపనార యనునపుడు మూడు మొక్కలను కలగలుపుచున్నారు. పచ్చిరొట్టకు వేయు జనుము వేరు, అది శణము. వంగదేశమున వరదనీటిలో పెరుగు జనపనార వేరు. మన మెట్టలలో పెరుగు గోగు మూడవది. అది గోంగూరకు తోబుట్టువు. విదేశ వర్తకులు ఈ మూడవదానిని ‘బిమ్లీ జూట్’ అనిరి. బిమ్లీ యనగా మన భీమునిపట్టణమే. ఒక పంటకు మన రేవు పేరు పెట్టి లోకమంతయు కొన్న దినములు కలవన్నమాట.

నా చిన్ననాట, అనగా 1960 తరువాతి దశాబ్దమున, మా ప్రాంతపు మెట్టలలో గోగు విస్తారముగా వేయుచుండిరి. తొలకరి పదునుకు గింజ చల్లుదురు. అది దట్టముగా మొలచి, ఒండొంటితో పోటీపడి నిటారుగా సాగి, నాలుగు నెలలకు మనిషి యెత్తును మించును. పూత సగమైనపుడు కోయవలెను. ముందుగా కోసిన నార పలుచన. కాయ ముదిరినచో నార బిరుసు. కోసిన కఱ్ఱలను కట్టలుగట్టి, ఆకు రాలువరకు చేనిలోనే యుంచి, పిదప చెరువులోనో గెడ్డ మడుగులోనో ముంచి పైన బరువుంతురు. నీటి వేడిమిని బట్టి పదిదినములు మొదలు ఇరువది దినముల వరకు ఊరును. ఆ ఊరిన నీటి కంపు ఎఱుగనివారికి చెప్పిన తెలియదు, ఎఱిగినవారికి చెప్ప నక్కఱలేదు. బడికి పోవు పిల్లలము ముక్కులు మూసికొని చెరువుగట్టు దాటి పరుగెత్తెడివారము. నారతీయువారు మాత్రము నడుములోతు నీటిలో ఉదయమునుండి సాయంకాలము వరకు నిలుచుందురు. మొదలు చితుకగొట్టి, ఒక్క ఒడుపున లాగినచో నార చేతికి వచ్చును, తెల్లని పుల్ల నీటిపై తేలును. పుల్లలు దడులకును పొయ్యికిని వచ్చును. నారను జాడించి దండెములమీద ఆరవేయగా ఊరంతయు నెరసిన జడలు విప్పుకొన్నట్లుండెడిది.

ఇంత యేల చెప్పితిననగా, మిల్లుల చరిత్ర వ్రాయువారు యంత్రముతో ఆరంభింతురు. యంత్రమునకు ముందు నడుములోతు నీటిలో నిలిచిన మనిషి కలడు. ప్రభుత్వ విధానములు ఆ మనిషి వరకు వచ్చినవా యనునదే నేను చూడగోరునది.

ఇక యంత్రము మాట. చేతిమగ్గముపై గోనెపట్ట నేయుట వంగదేశమున ప్రాచీనమైన వృత్తి. 1830 తరువాతి యేండ్లలో స్కాట్లండుదేశమందలి డండీ పట్టణమువారు ఈ నారను యంత్రముపై వడకు ఉపాయము కనుగొనిరి. నార పెళుసు, యంత్రమున తెగిపోవును. వారి రేవులో తిమింగిలపు నూనె పుష్కలము. ఆ నూనెను నీటితో కలిపి నారకు పట్టింపగా అది మెత్తబడి సాగినది. చూడుడు, ఎక్కడి తిమింగిలము, ఎక్కడి జనపనార! 1854 మొదలు 1856 వరకు రష్యాతో క్రిమియా యుద్ధము జరిగినపుడు రష్యానుండి వచ్చు అవిసెనార, గంజాయినార నిలిచిపోయినవి. అంతట వంగదేశపు నారకు గిరాకి పెరిగినది. డండీ పట్టణము దానితో ధనవంతమైనది.

నార పండు చోటనే మిల్లు ఏల పెట్టరాదని జార్జి ఆక్లండు అను ఆంగ్లేయుడు ఆలోచించెను. బిశ్వంభర సేన్ అను వంగీయుని ధనసాహాయ్యముతో అతడు 1855లో హుగ్లీనది యొడ్డున రిష్రాయందు మొదటి జనపనార మిల్లు నెలకొల్పెను. అటుపిమ్మట ఆ నదికి ఇరుగట్టుల మిల్లులు బారులు తీరినవి. 1908 ప్రాంతమునకు అచట 30 వేలకు మించిన మగ్గములు ఆడుచుండెను. డండీ వెనుకబడినది. ఇందు ప్రభుత్వము చేసిన సాయమేమి? చెప్పుకొనదగినది లేదు. నార, నది, బొగ్గు, రేవు, కూలి ఒకచోట కూడినవి, అంతియే.

మన తీరమునకు వత్తము. భీమునిపట్టణము డచ్చివారి స్థావరము. 1825లో అది ఆంగ్లేయుల పరమైనది. రైలు రాకపూర్వము మన కొండలనుండి దిగిన కరక్కాయలు, పల్లపు నువ్వులు, మెట్టల గోగునార ఎడ్లబండ్లమీద ఆ రేవు చేరి ఓడలెక్కెడివి. పార్వతీపురపు దారిని బారులుగా బండ్లు పోయెడివని నా తాతగారు చెప్పగా వింటిని. 1890 తరువాత తూర్పుతీరపు రైలుమార్గము వచ్చినది. విజయనగరమునుండి పార్వతీపురమునకు 1909 నాటికి శాఖ పడినది. 1931లో అది రాయపూరు వరకు పూర్తియైనది. 1933లో విశాఖపట్టణపు రేవు తెరచిరి. దానితో భీమిలి రేవు చిన్నబోయినది. నారకు పేరిచ్చిన రేవు పోయి పేరు మాత్రము మిగిలినది.

ఇంతలో గోస్తనీతీరమున చిట్టివలసలోను, చంపావతీతీరమున నెల్లిమర్లలోను ఐరోపీయుల యాజమాన్యమున జూటుమిల్లులు లేచినవి. దక్షిణమున ఏలూరులో మరియొకటి. గోగు పండు నేలకు మిల్లు బండి నడకలోనికి వచ్చినది. పార్వతీపురము, సాలూరు, బొబ్బిలి ప్రాంతముల షావుకార్లు నార కొని మూటలు కట్టి పంపుట ఆరంభించిరి. రైతుకు రొక్కము కనబడినది. వరి తినుటకు, గోగు శిస్తుకు అనెడివారు మా పెద్దలు.

మరియొక సంగతి కూడ చెప్పవలెను. మన గంజాము, విశాఖపట్టణ మండలముల కూలిజనము వేలకొలది కలకత్తా మిల్లులకు పోయిరి. టిటాగఢ్, కాంకినారా పేటలలో నేటికిని తెలుగువారి సంతతి కలదు. వారి వీధులలో తెలుగు వినబడును. బడి విడిచిన పిల్లవానిని ‘చటకలుకు పోతావా’ అని బెదిరించిన ముసలివారిని నే నెఱుగుదును. జనపనార మిల్లునకు వంగభాషలోని పేరది. నార ఒక దారిని, నేయు చేతులు మరియొక దారిని ఉత్తరమునకు పోయినవి.

అప్పటి ప్రభుత్వము మాట యేమి? వర్తకమున సర్కారు చేయి పెట్టరాదనుట నాటి దొరతనమువారి సిద్ధాంతము. ఈ సిద్ధాంతము మాంచెస్టరుకు అడ్డు వచ్చినపుడు మాత్రము కొంత వంగెడిది. 1896లో మన మిల్లుబట్టలమీద నూటికి మూడున్నర వంతు ఎక్సైజు సుంకము వేసిన సంగతి పెద్దలెఱుగుదురు. అయినను చెన్నపట్టణమున ఒక ప్రయత్నము జరిగినది. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను నాతడు అల్యూమినియము పాత్రలు, క్రోముతో తోలుపదును మున్నగువానిని ప్రభుత్వపు సొమ్ముతో నేర్పి చూపించెను. 1908లో ఉదకమండలమున పారిశ్రామిక సభ కూడినది. ఒక శాఖ యేర్పడినది. 1910లో లండనునుండి మార్లే ప్రభువు ఇది కూడదని వ్రాసెను. ప్రభుత్వము నేర్పవచ్చును గాని నడుపరాదు అనెను. విద్యాశాఖ దాటి పోవలదనుట ఉపాధ్యాయుడనైన నాకు వినోదముగా నుండును. ఈతరాని గురువు ఒడ్డుననుండి ఈత చెప్పినట్లు.

1914 యుద్ధము ఆ సిద్ధాంతమును విఱుగగొట్టినది. కందకముల యొడ్డున పేర్చుటకు ఇసుకబస్తాలు కోట్లు కావలసివచ్చెను. మిల్లులకు లాభములు పొంగినవి. 1916లో ప్రభుత్వము ముడినార ఎగుమతిపై సుంకము విధించెను. అది ఖజానాకు, రైతుకు కాదు. ఆ యేడే హాలండు అధ్యక్షతను పారిశ్రామిక సంఘము కూర్చున్నది. 1918లో అది ఇచ్చిన నివేదికకు మదనమోహన మాళవీయపండితుడు తన భిన్నాభిప్రాయమును జోడించెను. తత్ఫలముగా మన మదరాసు రాజధానిలో 1922లో పరిశ్రమలకు ప్రభుత్వసాహాయ్యపు చట్టము వచ్చినది. అప్పులిచ్చుట, యంత్రములు అద్దెకిచ్చుట మొదలైనవి అందు కలవు. ఆ చట్టపు వాకిట నిలిచినవారు అంతో యింతో యంత్రము కలవారు. కురుపాము మెట్టలో గోగు వేయువానికి అది తెలియను గూడ తెలియదు.

పనివాని విషయమున మాత్రము ప్రభుత్వము క్రమక్రమముగ కదలినది. 1911 చట్టమున మిల్లులలో పురుషునకు దినమునకు 12 గంటలు మించరాదనిరి. 1922లో వారమునకు 60 గంటలు, 1934లో 54, స్వాతంత్ర్యానంతరము 1948లో 48. ముప్పది యేడేండ్లలో ఇది చిన్న మార్పు కాదు. దీనిని ఎవరు కాదన్నను నేను ఒప్పుకొనను.

1947లో దేశము చీలినది. జనపనార నేలలో నాలుగింట మూడు వంతులు తూర్పు వంగము పాలైనవి. మిల్లులు దాదాపు అన్నియు మనకు మిగిలినవి. 1949 సెప్టెంబరులో మన రూపాయి విలువ తగ్గించిరి, పాకిస్తాను తగ్గింపలేదు. వారి నార మనకు ప్రియమైనది, వర్తకము స్తంభించినది. వంగీయ మిల్లులకు నార కఱవు. అపుడు ఢిల్లీ ప్రభువులకు మన గోగు కనబడినది. జనపనారతోపాటు దానినిగూడ పెంచుడని ప్రోత్సహించిరి. గోగునార జనపనార కంటె ముతక; దానిని ఒంటిగా సన్నని పట్టకు వాడరు; బస్తాపట్టకు కలిపినచో చెల్లును. ఆముదాలవలసలోని పరిశోధనాక్షేత్రమున మంచి వంగడములు తీసిరి. మా తండ్రిగారి తరము గోగును నమ్ముకొనుటకు కారణము ఆ కాలమే. ఒకరి కఱవు మరియొకరికి పంట యగుట వర్తకలోకపు రీతి.

1948 ఏప్రిలులోను, 1956 ఏప్రిలులోను కేంద్రప్రభుత్వము తన పారిశ్రామిక విధానమును ప్రకటించినది. రెండవదానిలో వెనుకబడిన ప్రాంతములకును తక్కిన ప్రాంతములకును గల ఎచ్చుతగ్గులు తగ్గింపవలెనని స్పష్టముగ వ్రాసిరి. 1956లోనే విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ పుట్టినది. మా గుమ్మలక్ష్మీపురము, కురుపాముల కొండలలోని సవరలు, జాతాపులు తెచ్చు చింతపండు, తేనె, కొండచీపుళ్ళు, అడ్డాకు షావుకారు త్రాసులో పడకుండ కొనుట దాని పని. లోపములు లేకపోలేదు. కాని కొనువాడొకడు సంతలో నిలుచుండుట యెంత బలమో మా కొండవారికి తెలియును. నారకు అట్టి కొనుగోలుదారు 1971 వరకు రాలేదు. ఆ యేట భారత జనపనార సంస్థను కేంద్రము స్థాపించెను. మద్దతుధర ప్రకటింతురు, బయట ధర అంతకు దిగినచో సంస్థ కొనవలెను. ఈ ధర వంగదేశపు నార తరగతిని బట్టి ప్రకటింపబడును. 2025–26 పంటకు ఆ తరగతి క్వింటాలు 5,650 రూపాయలు. గోగునకు దానిని బట్టి లెక్కకట్టుదురు. ధర లేదని కాదు. మన పంటకు కొలబద్ద వేరొకరి పంట యనుట గమనింపుడు.

ఇక నా స్వంత మాట ఒకటి చెప్పి ముందుకు సాగెదను. నేను తెలుగుపండితుడుగా చేరిన క్రొత్తలో, గోగు రైతు కొడుకొకడు నా శిష్యుడు. ఛందస్సు చక్కగా పట్టెను, లెక్కలు పట్టలేదు. పదవతరగతి తప్పెను. మిల్లులో బదిలీ కార్మికునిగా చేరుటకు దరఖాస్తు వ్రాయుమని వాని తండ్రి నాయొద్దకు తీసికొనివచ్చెను. మరల చదివింపుమని నేను చెప్పవలసియుండెను. చెప్పలేదు. మిల్లుకూలి నా జీతముకంటె తక్కువేమి కాదు, పైగా ప్రభుత్వము పరిశ్రమను కాపాడుచున్నదని పత్రికలలో చదువుచుంటిని. చక్కని దస్తూరీతో దరఖాస్తు వ్రాసి యిచ్చితిని. వాడు పదునేడేండ్లు మగ్గము నడిపెను. మిల్లు పేరు ఇచట చెప్ప నవసరము లేదు. ఒకనాటి యుదయమున గేటునకు కాగితమంటించి తాళము వేసిరి. వాడు భార్యను, ఇద్దఱు బిడ్డలను తీసికొని మరల మెట్టకు వచ్చెను. అప్పటికి మెట్టలో గోగు లేదు, తండ్రియు లేడు. నన్ను చూచినపుడు నేటికిని నమస్కరించును, ఆ దరఖాస్తు మాట యెత్తడు. ఎత్తినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

పత్రికలలో నేను చదివిన రక్షణ అబద్ధము కాదు. 1970 తరువాత రసాయనపు దారముతో నేసిన ప్లాస్టికు సంచి వచ్చినది. తేలిక, చవుక, తడవదు. దాని ముందు గోనె నిలువజాలదని తేలినది. అపుడు పార్లమెంటు 1987లో ఒక చట్టము చేసెను. కొన్ని సరుకులను జనపనార సంచులలోనే నింపవలెనను శాసనమది. మొదట ధాన్యము, చక్కెరలతోపాటు సిమెంటు, ఎరువులును దాని క్రిందికి వచ్చినవి. సిమెంటు కంపెనీలు న్యాయస్థానమునకు పోయినవి. 1996లో సుప్రీముకోర్టు చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. కాలక్రమమున సిమెంటు, ఎరువులు తప్పుకొన్నవి. ఇటీవలి యుత్తరువులలో ధాన్యము నూటికి నూఱుపాళ్ళును, చక్కెర నూటికి ఇరువదిపాళ్ళును గోనెలో నింపవలెనని యున్నది. ధాన్యము కొనునది ప్రధానముగ ప్రభుత్వమే కనుక సంచి కొనునదియు ప్రభుత్వమే. కలకత్తాలోని జనపనార కమిషనరు మిల్లులకు సంచుల పంపకము చేయును. నలుబది లక్షల రైతుకుటుంబములు ఈ నారపై ఆధారపడినవని ప్రభుత్వము చెప్పు లెక్క. ఆ చట్టమే లేనిచో హుగ్లీతీరమున నేడు ఎన్ని మిల్లులు ఆడుచుండునో సందేహమే. ప్లాస్టికు చెరువులకును పశువులకును చేయు కీడు చూచినవాడను గనుక ఈ చట్టమును నేను నిందింపను.

అయితే చట్టము చెప్పిన దేమి? ధాన్యము గోనెలో నింపుమనినది. ఆ గోనె ఏ నేలపై నేయబడవలెనో, ఏ మెట్టలోని నారతో నేయబడవలెనో చెప్పలేదు. సంచికి బేరము నిలిచినది. సంచి చౌకగా చేయగలవానికి ఆ బేరము పోయినది. మన మిల్లులకు యంత్రములు పాతవి, కరెంటు ప్రియము. గోగు తఱుగుటచే నారను వంగదేశమునుండి తెప్పించుకొనవలసివచ్చెను. రైలు కూలి మీదపడినది. బంగ్లాదేశపు సరకు వేరొక వంక. దానిపై కేంద్రము 2017 జనవరిలో అదనపు సుంకము వేసినది. అప్పటికి మన చిట్టివలస మిల్లు మూతపడి యెనిమిదవ యేడు. 2009లోనే దాని గేటు మూసిరి. నెల్లిమర్ల మిల్లు పలుమారులు మూయబడి తెరవబడినది. ఆ మిల్లు కార్మికుల యాందోళనలో 1994 జనవరిలో పోలీసులు కాల్పులు జరుపగా పనివారు ప్రాణములు విడిచిరి. ఆ వార్త రేడియోలో వినిన సాయంకాలము మా బడిలో ఎవరును పాఠము చెప్పలేదు.

మెట్టలో గోగు ఏల పోయినది? రైతు మూర్ఖుడు కాడు. గోగునకు ఊరవేయుటకు నీరు కావలెను. వానలు వెనుకాడి చెరువులు నిండనియేడు కట్టలు ఎండిపోవును. నారతీతకు కూలి కావలెను. చలిలో నడుములోతు నీట నిలువుమన్నచో నేటి కూలివాడు రాడు, రావలసిన పనియు లేదు. అంత శ్రమపడి తీసిన నారకు షావుకారు తేమ యని, రంగని తరుగు తీయును. దానికన్న ప్రత్తి, మొక్కజొన్న, జీడిమామిడి మేలని తోచినది. తరువాత ఆయిలుపామ్ వచ్చినది. 1962లో మన పొరుగున రాయగడయందు కాగితపు మిల్లు వెలసినది; అది కొండలలోని వెదురునకు గిరాకి తెచ్చెను. మిల్లు అడిగిన పంటను నేల పండించును. మిల్లు అడుగుట మానినచో విత్తనము గూడ మిగులదు.

మిల్లు మూతపడినచోట ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చున్నదని కాదు. 1988లో కేంద్రము ప్రకటించిన అభివృద్ధి కేంద్రముల పథకమున బొబ్బిలికి చోటు దొరకినది. రోడ్లు, విద్యుత్తు, నీరు అమర్చి స్థలములు పంచిరి. కొన్ని కర్మాగారములు వచ్చినవి. మా పిల్లలు కొందఱు అచట పనిచేయుచున్నారు. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు చేసిన చట్టమున వెనుకబడిన ప్రాంతముల ప్రస్తావన వచ్చెను. తదనుగుణముగ విజయనగరము, శ్రీకాకుళము, విశాఖపట్టణము మున్నగు జిల్లాలలో 2015 ఏప్రిలు 1 మొదలు 2020 మార్చి 31 వరకు కర్మాగారము పెట్టినవారికి, క్రొత్త యంత్రముల వెలలో నూటికి 15 వంతులు ఆదాయపు పన్నునుండి అదనముగ మినహాయించిరి.

ఈ రాయితీని శ్రద్ధగా చూడుడు. ఇది యంత్రపు వెలను లెక్కపెట్టినది. ఎంతమంది పని చేయుదురు, చుట్టునున్న మెట్టలో పండిన దేమి కొందురు అని అడుగలేదు. వెలగల యంత్రము తెచ్చి పదిమందితో నడిపినవానికి, చవుక యంత్రముతో మున్నూఱుమందికి పని యిచ్చినవానికంటె ఎక్కువ రాయితీ వచ్చును. 1922 చట్టపు వాకిట నిలిచినవాడు యంత్రము కలవాడని ఇందాక చెప్పితిని. తొంబదిమూడేండ్లకు ఆ వాకిలి కొంత పెద్దదైనది, నిలుచున్నవాడు మాత్రము మారలేదు. మిల్లునకు రాయితీ యిచ్చునపుడు, చుట్టుప్రక్కల పంటలో ఇంత వంతు కొనవలెనని షరతు వ్రాయుట అసాధ్యమా? చక్కెరమిల్లులకు చెఱకు ధర విషయమున 1934లోనే చట్టము చేసిరి గదా. నారకు మాత్రము అంత ఆలోచన సాగలేదు. నాకు రాజ్యతంత్రము తెలియదు. సమాసమున ఉత్తరపదమును విడిచి పూర్వపదమునకే విగ్రహము చెప్పినట్లున్నదని మాత్రము వ్యాకరణము చదివినవానికి తోచును.

ఇక్కడ ఒక చిన్న మాట. నేను పుట్టినది శ్రీకాకుళము జిల్లాలో. 1979లో విజయనగరము జిల్లావాడ నైతిని. 2022 ఏప్రిలు 4 నుండి పార్వతీపురము మన్యము జిల్లావాడను. ఇల్లు మారలేదు, గడప మారలేదు. ప్రతి జిల్లా పుట్టినపుడును వెనుకబడిన ప్రాంతమను మాట మాతోడనే వచ్చినది. క్రొత్త జిల్లాకు క్రొత్త పరిశ్రమలు వచ్చునని ఇప్పుడును వినుచున్నాము. రావలెను. జీడిపప్పు, చింతపండు, అనాస, పసుపు మా చుట్టునే కలవు. వచ్చు అధికారులు మా పెద్దలను అడుగదలచినచో అడుగవలసిన ప్రశ్న సులభమైనది: ఈ మిల్లు దేనిని కొనును, ఎవనియొద్ద కొనును, మూతపడిననాడు వానికి చెప్పువా డెవడు?

కళ్ళములో మొదలిడితిని గదా. నేను సంచిమీది అక్షరములు చదివి ముగించులోపల ఆ ముదుసలి రైతు సంచి యంచునుండి ఒక పోగు లాగి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నులిమి చూచెను. “మెత్తగున్నాది మేష్టారూ. ఇది మన గోగు కాదు” అనెను. పోగును నడుమున దోపుకొని సంచి మూతి పట్టుకొనెను. నేను చేటతో ధాన్యము పోసితిని. నిండిన సంచిని కుట్టి, తూచి, లారీ కెక్కించిరి.